నాలుగు పౌండ్ల దగ్గర ఆగిన ముల్లు

మా కారును చేపల బండి దాటిపోయింది. మోటారు బండి కూడా కాదు, కాళ్ళతో తొక్కే మూడు చక్రాల బండి. విజయదశమి నాడు పట్టపగలు, బేసిన్ బ్రిడ్జి ఎత్తు మీద, నలుగురూ చూస్తుండగా ఈ ఘనకార్యం జరిగింది. అప్పటిదాకా మా వెనక ఉండి మా పొగంతా మింగిన ఆ మనిషి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, దాటేటప్పుడు మా వంక జాలిగా చూసి ముందుకు పోయాడు. ఆ చూపు కంటే ఆయన రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

బండి నడుపుతున్నది మా ఆయన. ముందు సీటులో మా మామగారు. వెనక మా అత్తగారు, నేను, మా ఇద్దరి మధ్యా మామగారి అక్కగారు. మోకాళ్ళ నొప్పుల మనిషి ఆవిడ. శనివారం మాతో తిరుమలకు తీసుకుపోదామని ఆవిడను పెరంబూరు నుంచి మా ఇంటికి తెస్తున్నాం. స్టీరింగు పక్కన మా ఆయన ముచ్చటపడి పెట్టించుకున్న చిన్న గుండ్రటి మీటరు ఉంది, ఇంజనులోకి పోయే గాలి ఒత్తిడి చూపేది. పది పౌండ్ల దాకా ఎగరాల్సిన దాని ముల్లు నాలుగు దగ్గర నిలబడిపోయింది. మా ఆయన ఎంత తొక్కినా పొగ పెరుగుతోంది గానీ ముల్లు కదలడం లేదు.

"ఏందిరా ఇది, తొక్కుడు బండోడు గూడా దాటేస్తా ఉండాడు" అన్నారు మామగారు.

"తెలీదప్పా. మొన్నటిదాకా బాగానే ఉండె."

"నీకేం తెలుస్తాదిలే. మీ మామ చేసిన పని గదా. లారీలు పట్టే చేతులకు కారంటే ఏం తెలుస్తాది."

మీ మామ అంటే మా నాయన. నేను వెనకే ఉన్నానన్న సంగతి మామగారికి గుర్తుందో లేదో తెలియదు. అత్తగారు కిటికీలోంచి రైలు పట్టాలను చూడటం మొదలుపెట్టారు. ఆవిడకు ఇబ్బంది కలిగినప్పుడల్లా కిటికీ దొరుకుతుంది.

ఈ కథ తలకెక్కాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. తొంభైల నడిమి రోజులవి. నాకు పెళ్ళయి ఏడాదిన్నర అయింది. పుట్టిల్లు వ్యాసర్పాడి, మెట్టినిల్లు వాషర్‌మెన్‌పేట. రెండింటి మధ్యా మోపెడ్ మీద పావుగంట దూరం, అంతే. మా నాయనకు రైల్వే యార్డు గోడ పక్కన లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. మా మామగారిది దుప్పట్లూ తువ్వాళ్ళూ టోకున అమ్మే అంగడి, కింద అంగడీ గోడౌనూ, పైన ఇల్లు. దూరపు చుట్టరికం ఉండబట్టి సంబంధం కుదిరింది. పెళ్ళినాడు నాయన ఎంత రుద్దుకున్నా గోళ్ళలో నలుపు పోలేదు. తాంబూలం అందుకునేటప్పుడు మామగారు ఆ గోళ్ళ వంక చూడటం నేను చూశాను. ఆయన చెడ్డవారు కారు, నోరు మాత్రం మనసుకంటే ముందు నడిచేది.

మా ఆయన ధ్యాసంతా కార్ల మీదే. ఇంట్లో ఉన్న తెల్ల డీజిల్ అంబాసిడర్ ఆరుగురు ఎక్కినా కిక్కురుమనేది కాదు, ఎత్తు కనబడితే మాత్రం దానికి ఏడుపొచ్చేది. తమిళుల పెరటాసి నెలలో ఒక శనివారం ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్ళడం ఆ ఇంట్లో తాతల నాటి అలవాటు. ఘాట్ రోడ్డులో ఆ కారు మూడు చోట్ల ఆగి, నీళ్ళు తాగి, ఆయాసం తీర్చుకుంటే గానీ పైకి చేరేది కాదు. ఇది చూసీ చూసీ విసిగిన మా ఆయన, ఒకరోజు పుదుప్పేట పాతసామాన్ల అంగళ్ళ నుంచి గోనెసంచిలో చుట్టుకుని ఒక టర్బో తెచ్చారు. ఏదో జపాను వ్యానులోంచి తీసిందట. దాన్ని నేరుగా మా నాయన ముందు పెట్టి, పెళ్ళికొడుకు అలక పాన్పు మీద కూర్చున్నట్టు షెడ్డులో నూనె డబ్బా మీద కూర్చున్నారు.

"మాపిళ్ళా, దీన్ని లారీలకు పెట్టినాను గానీ కారుకు పెట్టలా" అన్నాడు నాయన.

"ఇంజను ఇంజనే గదా మామా."

నాయన నవ్వి ఒప్పుకున్నాడు. అల్లుడు అడిగితే ఆయన రైలింజనుకైనా పెట్టేవాడు. టర్బో అంటే పెద్ద మాయేమీ లేదు. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రంతోపాటు తిరిగే ఇంకో చక్రం బయటి గాలిని పట్టి ఇంజనులోకి బలంగా తోస్తుంది. గాలి ఎక్కువ కాబట్టి డీజిల్ కూడా ఎక్కువ పోయొచ్చు, బండి కొండ ఎక్కుతుంది. తోసిన గాలిని ఇంజను దాకా తీసుకుపోవడానికి నాయన రెండు ఇనప గొట్టాలు వంచి, నడుమ గాలిని చల్లబరిచే డబ్బా ఒకటి పెట్టి, నాలుగు చోట్ల రబ్బరు తొడుగులతో అతికి, వాటి మీద స్క్రూతో బిగించే క్లిప్పులు వేశాడు. మూడు ఆదివారాలు పట్టింది. ఆ ఎండాకాలం తిరుత్తణి కొండ ఎక్కించి చూస్తే, ముల్లు పది తాకి కారు నవ్వుకుంటూ ఎక్కింది. తువ్వాళ్ళు కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ మామగారు గోడౌను దాకా నడిపించి, బానెట్టు ఎత్తి, "మా బావగారి పనితనం" అని చూపించేవారు. అప్పుడు నేను మెట్ల మీద నిలబడి వినేదాన్ని. కడుపు నిండేది.

ఇక ఆయుధ పూజ. మా షెడ్డులో దీపావళి కన్నా పెద్ద పండగ అది. స్పానర్లన్నిటినీ కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, ఆముదం రాసి, చాప మీద పెద్దదాని నుంచి చిన్నదాకా పేర్చి గంధం కుంకుమ పెట్టేవాళ్ళం. ఆ రోజు ఇనుము కూడా తలంటి పోసుకోవాలి అనేవాడు నాయన. అత్తవారింట్లో పూజ అంటే తక్కెడకూ, గజం బద్దకూ, లెక్కల పుస్తకాలకూ. కారుకు పైపైన రెండు బకెట్ల నీళ్ళు పోసి, మూతికి ఒక దండ వేసేవారు. ఇంజనుకు ఏమీ లేదు. నాకు అది అన్యాయంగా తోచింది.

అందుకని ఆ ఏడు పూజ పొద్దున అందరికంటే ముందు లేచి, కొంగు దోపి, గోడౌనులో బానెట్టు ఎత్తాను. ఇంజను తుడిచాను. ఊరికే తుడిస్తే మా నాయన కూతుర్నెలా అవుతాను? నాలుగు క్లిప్పులూ వదులు చేసి, రబ్బర్లు ఊడదీసి, గొట్టాలను బయటికి తీసి తళతళలాడేట్టు తోమాను. తిరిగి ఎక్కించేటప్పుడు రబ్బరు మొండికేసింది. లారీలకు రేడియేటరు రబ్బర్లు ఎక్కించేటప్పుడు నాయన చివర్లకు ఆముదం రాయడం చిన్నప్పట్నుంచీ చూసినదాన్ని. వంటింట్లోంచి ఆముదం సీసా తెచ్చి ధారాళంగా రాశాను. రబ్బర్లు వెన్నలో వేలు దిగినట్టు ఎక్కాయి. క్లిప్పులు బిగించి, ప్రతి అతుకు మీదా సగం రబ్బరు మీద, సగం గొట్టం మీద పడేట్టు రూపాయి బిళ్ళంత గంధం బొట్టు పెట్టి, నడుమ కుంకుమ అద్దాను. అన్నీ సర్దేసరికి అత్తగారు కాఫీ తాగుతూ వచ్చి చూశారు.

"ఇంజనుకు గూడా పేరంటమా తల్లీ" అని నవ్వి, బొరుగుల్లో బెల్లం కలపమని పైకి పిలిచారు. నేను గొట్టాలు విప్పిన సంగతి ఆవిడకు తెలియదు, నేనూ చెప్పలేదు. కోడలు స్క్రూడ్రైవరు పట్టుకుంది అంటే ఏమనుకుంటారోనని జంకు. ఆ సాయంత్రం నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు. ఆ సందుల్లో ముల్లు పైకి లేచే వేగం ఎక్కడిది? ఎవరూ మీటరు చూడలేదు. మర్నాడే బేసిన్ బ్రిడ్జి.

ఇంటికి చేరాక మామగారు తీర్పు చెప్పేశారు. "శుక్రవారం లోపల బాగైతే సరి. లేదా అద్దెకు వ్యాను మాట్లాడతాను. కొండ నించి వచ్చినాక ఆ చక్రం పీకించి పారేస్తాను. మా అక్కను కూచోబెట్టుకుని దారిలో నిలబడి నవ్వులపాలు కాలేను."

చక్రం పోతే పోయింది. ఆ తర్వాత తువ్వాళ్ళు కొనడానికి వచ్చేవాళ్ళకు ఏం చెబుతారు? మా బావగారు పెట్టినది, పనికిరాక పీకేశాం అని. పెళ్ళినాటి గోళ్ళ చూపు నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ఇది కారు బాగుచేయడం కాదు, మా నాయన పేరు నిలబెట్టడం. ఆ రాత్రి చపాతీ పిండి నా చేతిలో పడ్డ దెబ్బలు ఇప్పటికీ మరిచిపోయి ఉండదు.

షెడ్డుకు ఫోను లేదు. ఎదురు టీ అంగడికి చేసి, వాళ్ళు కేకేస్తే నాయన వచ్చి మాట్లాడాలి. మంగళవారం చేస్తే, ఒక లారీ ఇంజను పూర్తిగా విప్పి పరిచి ఉందని, శుక్రవారం పొద్దున వస్తానని చెప్పాడు. "అల్లుణ్ణి ఏదీ పీకొద్దని చెప్పు" అని మరీ మరీ అన్నాడు. అల్లుడు అప్పటికే పానా చేతిలో పట్టుకుని ఉన్నారు.

"చక్రం అరిగిపోయుంటాది. పాత సామాను గదా. విప్పి చూస్తాం" అన్నారు మా ఆయన.

"జ్వరం వస్తే ముందు గుండె కోసి చూస్తారా?" అన్నాను. "గాలి లోపలికి వచ్చే మూతి దగ్గర్నించి రాండి. ఒక్కొక్కటే చూసుకుంటా పోదాం."

నేనలా అనేసరికి ఆయన పానా దించి నన్ను కొత్తగా చూశారు. షెడ్డు గోడ పక్క పెరిగిన పిల్లనని తెలుసు గానీ, ఆ గోడకు చెవులున్నాయని తెలియదు. బుధవారం మధ్యాహ్నం అంగడిలో మామగారు కునుకు తీసే వేళ మేమిద్దరం గోడౌనులో పని మొదలుపెట్టాం.

మొదట గాలి వడపోసే డబ్బా విప్పాం. విప్పగానే ఇద్దరం నవ్వేశాం. దాన్నిండా నీలం, ఎరుపు, తెలుపు నూగు. దుప్పట్ల మూటల పక్కన నెలల తరబడి నిలబడిన కారు మా సరుకంతా కొంచెం కొంచెం పీల్చుకుంది. దులిపితే చిన్న దిండుకు సరిపడా వచ్చింది. ఊపిరాడని మనిషి పరుగెత్తమంటే ఎలా పరుగెత్తుతాడు, దొరికింది దొంగ అనుకుని, శుభ్రం చేసి బేసిన్ బ్రిడ్జి మీదికి తీసుకుపోయాం. ముల్లు నాలుగు దాకా కాస్త చురుగ్గా లేచింది. నాలుగు దగ్గరే ఆగింది.

తర్వాత చిన్న తలుపు సంగతి చూశాం. గాలి పది పౌండ్లు దాటితే పొగను పక్కదారి పట్టించి చక్రం వేగం తగ్గించే తలుపు ఒకటి ఉంటుంది. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ముల్లు లేవదు. దాని కడ్డీని సైకిలు పంపుతో కదిలించి చూశాం. పిలిస్తే వచ్చి, పొమ్మంటే పోతోంది. దాని తప్పేమీ లేదు.

ఇక మిగిలింది, తోసిన గాలి దారిలో ఎక్కడైనా కారిపోతోందా అన్నది. పంక్చరు అంగడి పద్ధతి అందరికీ తెలిసిందే, గాలి కొట్టి నీళ్ళలో ముంచితే బుడగలు చెబుతాయి. కారును ముంచలేం కాబట్టి నురగను కారు దగ్గరికి తెచ్చాను. మంగళవారం తలంట్లలో మిగిలిన కుంకుడు రసం చెంబులో ఉంది. గాలి మూతికి లారీ ట్యూబు ముక్క కట్టి, దాని వాల్వుకు సైకిలు పంపు తగిలించి, మా ఆయన కొట్టడం, నేను అతుకుల చుట్టూ నురగ పూయడం. ఆయన చొక్కా తడిసిపోయింది, మీటరు మూడు దాటి మూడున్నర దగ్గర ఊగుతోంది, అంతకు మించి ఎక్కడం లేదు. ఎక్కడా ఒక్క బుడగ రాలేదు. ఒక్క సంగతి మాత్రం ఇక్కడ ఒప్పుకోవాలి. పూజ బొట్టు దానంతటది రాలిపోవాలి గానీ చేత్తో చెరపకూడదని మా ఇంటి పట్టింపు. అందుకని గోడౌను చీకట్లో, బొట్లు ఉండే పైవైపు ముట్టుకోకుండా, కిందివైపే తడిమి తడిమి నురగ పూశాను.

"ఇంక చక్రమే" అన్నారు మా ఆయన, నేల మీద కూలబడి.

నేను చెంబులో మిగిలిన నురగ పారబోశాను. చక్రమే పోయిందంటే పాత సామాను పెట్టిన నాయనదే తప్పు అవుతుంది. గురువారం మామగారు వ్యాను మాట్లాడేశారు. ఆయన అక్కగారు మాత్రం, "నేను వ్యాను ఎక్కలేనురా, మెట్టు ఎత్తు" అని సణిగారు. ఆ ముసలావిడ మీద నాకు అంతవరకూ లేని ప్రేమ పుట్టింది.

శుక్రవారం పొద్దున నాయన పని చేసుకోవడానికి వెలుతురుగా ఉంటుందని మా ఆయన కారును వీధిలోకి నెట్టి, బానెట్టు ఎత్తి పెట్టి స్నానానికి వెళ్ళారు. నేను ముగ్గు వేసి, లేచి, చేతులు దులుపుకుంటూ ఇంజను వంక చూశాను. ఎండ నేరుగా లోపలికి పడుతోంది. మూడు అతుకుల మీద మూడు బొట్లు నేను పెట్టినవి పెట్టినట్టే గుండ్రంగా ఉన్నాయి. ఇంజను వెనక మూలనున్న నాలుగోది గుండ్రంగా లేదు. నిలువునా రెండుగా చీలి ఉంది. సగం రబ్బరు మీద, సగం గొట్టం మీద, రెండింటి నడుమ గోరు వెడల్పున ఉత్త ఇనుము మెరుస్తోంది.

బొట్టు ఎక్కడికీ నడవదు. నడిచింది రబ్బరు.

వేలు పెట్టి చూస్తే జిడ్డుగా తగిలింది. వాసన చూడాల్సిన అవసరం లేదు గానీ చూశాను. ఆముదం. రేడియేటరులో నీళ్ళు రబ్బరును ఇంత గట్టిగా తోయవు, అక్కడ ఆముదం రాసినా రబ్బరు కూర్చున్నచోటే కూర్చుంటుంది. ఇక్కడ గాలి తోస్తుంది. జారే ఇనుము మీద రబ్బరు కొంచెం కొంచెం వెనక్కి జరిగి, క్లిప్పు అంచుకు వచ్చేసింది. నాలుగు పౌండ్ల దాకా మూసుకునే ఉండి, అది దాటితే పెదవి విప్పి గాలి ఊదేస్తోంది. సైకిలు పంపుతో మూడున్నర కొట్టి మేం వెతికిందంతా వృథా. చేసినది నేను. మూడు ఆదివారాలు నాయన పొడిగా తుడిచి ఎక్కించిన రబ్బర్లను ఊడదీసి, పండగ పేరు చెప్పి జారుడుబండ చేసినది నేనే.

నా చెడ్డ మనసు అప్పుడు ఒక ఆలోచన చేసింది. గుడ్డ తెచ్చి, తుడిచి, రబ్బరు ముందుకు నెట్టి బిగిస్తే పావుగంట పని. ఎవరికీ తెలియదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాను. వచ్చేసరికి వీధి మలుపులో నాయన మోపెడ్ చప్పుడు వినబడింది. ఇటు మామగారు కాఫీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చారు. స్క్రూడ్రైవరు వెనక దాచుకుని నిలబడ్డాను.

నాయన అందరినీ పలకరించి, చొక్కా చేతులు మడిచాడు. "ముల్లు యాడ నిలుస్తా ఉండాది మాపిళ్ళా?" అని అడిగాడు, అప్పుడే తల తుడుచుకుంటూ వచ్చిన మా ఆయనను.

"నాలుగు కాడ మామా."

"అట్లయితే చక్రం బాగుండాది. గాలే యాడో పోతాది" అంటూ టర్బో దగ్గర్నుంచి వేలితో గొట్టం వెంట రాసుకుంటూ వచ్చాడు. మొదటి అతుకు. రెండు. మూడు. నాలుగో అతుకు దగ్గర వేలు ఆగింది. బొటనవేలితో రుద్ది చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తలెత్తి నా వంక ఒక్కసారి చూశాడు. నా చేయి వీపు వెనకాల ఉంది, నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. నాయన ఆ వేలిని మెల్లగా తన చొక్కాకు తుడిచేసుకున్నాడు.

"ఏం బావగారూ, దొరికిందా?" అన్నారు మామగారు.

"దొరికింది బావగారూ. నాదే తప్పు. క్లిప్పు సరిగ్గా బిగించలా నేను. రబ్బరు జారిపోయిండాది."

"అదే అనుకున్నాను" అన్నారు మామగారు. ఆయన గొంతులో కోపం లేదు, ఉదారంగానే ఉంది, అదే నన్ను ఎక్కువ కాల్చింది. "పోనీలేండి. లారీ పని వేరు, కారు పని వేరు. అందరికీ అన్నీ వస్తాయా ఏంది."

నాయన తల వంచుకుని, "అవును బావగారూ" అన్నాడు.

నేను నాయన తల వంచుకోవడం అంతకుముందు ఇంజన్ల మీదికే చూశాను. మనుషుల ముందు చూడలేదు. వెనక ఉన్న చేయి ముందుకు వచ్చేసింది.

"నాయన చేసింది గాదు మామా. నేను చేసినాను."

అందరూ నా చేతిలోని స్క్రూడ్రైవరు వంక చూశారు. ఇక ఆగితే మళ్ళీ ధైర్యం రాదని మొత్తం చెప్పేశాను. పూజ పొద్దున విప్పడం, తోమడం, ఆముదం, బొట్టు, అంతా. "నాయన పొడిగా బిగించిండాడు. ఎండాకాలమంతా కదలని రబ్బరు ఇప్పుడు ఎందుకు కదులుతాది? ఆయన చేతికేం తక్కువ లేదు. తక్కువ నా తలకాయలో ఉండాది. అంటే నన్ను అనండి" అన్నాను. చివరి మాట కాస్త గట్టిగానే వచ్చింది. ఎదురింటి వాళ్ళ కిటికీ తెరుచుకుంది.

ఈసారి అత్తగారికి చూడటానికి కిటికీ దొరకలేదు, అందుకని నన్నే చూశారు. "నా ఆముదం సీసా సగానికి వచ్చింది ఇందుకా" అన్నారు.

మా ఆయన ముందు నవ్వారు. తర్వాత గుమ్మంలో కుర్చీలో కూర్చున్న ముసలావిడ నవ్వింది. మామగారు నవ్వలేదు. కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టి, ఇంజను మీదికి వంగి, చీలిన బొట్టును చాలాసేపు చూశారు.

"నీకు ఇవన్నీ విప్పడం వస్తాదా?" అని అడిగారు.

"వస్తాది మామా."

"బిగించడం?"

నేను జవాబు చెప్పేలోగా నాయన పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. పెట్రోలులో తడిపిన గుడ్డ నా చేతిలో పెట్టాడు, అంతే, ఒక్క మాట కూడా సాయం చెప్పలేదు. మామగారు, మా ఆయన, అత్తగారు, ఎదురింటి కిటికీ, అందరి ముందూ నాలుగు రబ్బర్లూ ఊడదీసి, జిడ్డు పోయేదాకా తుడిచి, ఆరనిచ్చి, పొడిగా ఎక్కించాను. మొండికేసిన రబ్బరును ఈసారి బతిమాలకుండా అరచేతి గుద్దులతో దారికి తెచ్చాను. క్లిప్పులు బిగించాక నాయన ఒక్కోదాన్ని లాగి చూసి తలాడించాడు. మా ఆయన కారు తీసుకుని బ్రిడ్జి దాకా వెళ్ళి, హారను కొట్టుకుంటూ తిరిగొచ్చారు. ముల్లు పది.

నాయన భోజనానికి ఉండలేదు. లారీ విప్పి ఉందన్నాడు. మోపెడ్ దాకా సాగనంపడానికి వెళ్ళాను.

"ఎందుకు నాయనా అట్ల చెప్పినావు?"

"నా పనికి మాటొస్తే నాలుగు దినాల్లో మరిచిపోతారు పాపా. ఆ ఇంట్లో దినామూ కూచొని అన్నం తినాల్సింది నువ్వు."

"నువ్వు తల వంచుకున్నాక నాకు ఆ అన్నం దిగుతాదా?" అన్నాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాయన గోళ్ళ నిండా నలుపున్న చేత్తో నా చెంప మీద అంటిన మసి తుడవబోయి, ఇంకాస్త అంటించి వెళ్ళాడు.

శనివారం తెల్లవారకముందే బయల్దేరాం. వ్యాను వాడికి వద్దని కబురు పోయింది. ఘాట్ రోడ్డు మొదటి మలుపులో నేను తప్ప అందరూ గోవిందా అన్నారు. నేను మీటరు చూస్తున్నాను. రెండో మలుపు, మూడో మలుపు, పాత రోజుల్లో నీళ్ళు పోయడానికి ఆగే రాతి గోడ, అన్నీ వెనక్కి పోయాయి. ముల్లు పది దగ్గర ఊగుతూ ఎక్కడా కిందికి జారలేదు. ముసలావిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "ఇంత తొందరగా వస్తే పుణ్యం తక్కువొస్తాదేమోరా" అంది. మామగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి.

పైకి చేరి కారు దిగగానే, ఆయన గది తాళం తీసుకోవడానికి కూడా పోకుండా నేరుగా ఫోను బూత్ దగ్గరికి నడిచారు. నన్ను పిలిచి, "మీ నాయన టీ అంగడి నంబరు చెప్పమ్మా" అన్నారు. వెనక నలుగురు వరసలో నిలబడి ఉన్నారు. అటు టీ అంగడి వాళ్ళు కేకేసి, నాయన వచ్చి అందుకునేదాకా ఆయన గోడ మీది గడియారం చూస్తూ ఓపిగ్గా నిలబడ్డారు. తర్వాత, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడే గొంతుతో మాట్లాడారు.

"బావగారూ, యాడా ఆగలా. ఒక్క చోట గూడా ఆగలా. మీ చేతి పని మీద నేను మాట తూలినాను. బ్రిడ్జి మీద గూడా ఒక మాట అన్నాను, అది మీకు తెలీదు, మీ బిడ్డకు తెలుసు. తప్పైపోయింది. మనసులో పెట్టుకోవద్దండి."

అటువైపు నాయన ఏమన్నాడో నాకు వినబడలేదు. మామగారు తల ఊపుతూ, సరి, సరి అంటూ ఫోను పెట్టేశారు. నా వంక చూడకుండా జేబులోంచి చిల్లర తీసి బూత్ వాడికిచ్చారు.

స్వామిని అడగాలని ఇంటి దగ్గర్నుంచి నేను మోసుకొచ్చిన కోరిక అదొక్కటే. ఇంక అడగడానికి ఏమీ లేక, ముసలావిడ చేయి పట్టుకుని క్యూ దారిలో మెల్లగా నడిచాను.